నీ డ్రమ్ము దెబ్బ పడాల్సిన చోట

బావా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. కోడూరు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. కీర్తనలయ్యాక అత్తయ్య లేచి, "మావాడి సినిమా పాట ఒక్కటి వాయించండి నాన్నా" అంది. పాస్టరుగారు కాదనలేకపోయారు.

ఆ కామెడీ సినిమాలో మనం నలుగురం పాతకాలపు రాక్ బ్యాండు వేషం కట్టిన పాటే. పెడన కలంకారీ చొక్కాలు, బెల్‌బాటమ్‌లు, జులపాల విగ్గులు. షూటింగులో నీ విగ్గు కళ్ల మీదికి జారి, డ్రమ్ము కొట్టాల్సిన చోట పుల్లల కోసం తడుముకుంటూ ఉండిపోయావు. డైరెక్టరు పడీపడీ నవ్వి, దాన్ని అలాగే ఉంచేశాడు. ఆ తర్వాత ఏ ఊళ్లో వాయించినా అక్కడ మేం ఆగి నీవైపు చూడాల్సిందే, నువ్వు ఆలస్యంగా దెబ్బ వెయ్యాల్సిందే, జనం నవ్వాల్సిందే.

నిన్న డ్రమ్ములు తేలేదు. ఆ చోట ఆగకుండా వాయించేద్దామని ముందే అనుకున్నాం. తీరా అక్కడికి వచ్చేసరికి ముగ్గురి చేతులూ ఆగిపోయాయి. ముగ్గురం ఎడమవైపు నీ చోటుకేసి తిరిగాం. అక్కడ చుట్టిపెట్టిన చాపలున్నాయి. ఎవరూ నవ్వలేదు. సిగ్గుపడి మళ్లీ ఎత్తుకోబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"కాస్త ఆగండి నాన్నా. వాడెప్పుడూ లేటేగా."

ఆగాం బావా.