లంక చుట్టల కట్ట

సత్తిరాజు గారూ,

మీరు పోయి నేటికి ఏడాదండి. పొద్దున రాజమండ్రిలో డాక్టర్ల మీటింగులో మీ గురించే చెప్పాను. గోదావరి లంకలో మీరు పండించిన పొగాకుతో చుట్టించిన చుట్టల కట్ట ఏటా నాకు తెచ్చేవారు. వద్దంటే నొచ్చుకుంటారని తీసుకునేవాణ్ణి. పంట ఎలా ఉందని అడిగేవాణ్ణే గానీ, ఒక్కసారీ మీ నోరు తెరిపించి చూడలేదు. చివరికి చూసేసరికి క్యాన్సర్ పుండు గొంతు దాకా పాకిపోయింది. ఇకనైనా ప్రతి పేషెంటుకీ చుట్ట మానమని మొహమాటం లేకుండా చెబుదామన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద మీ ఆవిడ కూర్చుని ఉన్నారు, ఒళ్లో కొత్త చుట్టల కట్టతో.

"ఆయన లేరని మానేస్తామేంటండి, డాక్టరుగారూ" అన్నారు. మాట్లాడుతుంటే ఆవిడ నోట్లోంచి కూడా చుట్ట వాసన వచ్చింది.

రెండు చేతులా కట్ట అందుకున్నాను.

"ఈ ఏడు పంట ఎలా ఉందమ్మా?" అని అడిగాను.