కర్రకు తగలని బోర్డు

రోడ్డు పనుల విభాగం ఇంజనీరు గారికి,

అయ్యా,

విషయం: ఆబిడ్స్ నుంచి నాంపల్లి వెళ్లే దారిలో, కాలిబాట మీద నిలిపిన తాత్కాలిక హెచ్చరిక బోర్డు గురించి.

ఈ ఉదయం ఒక కుక్క ఆ బోర్డు కింది నుంచి తల వంచకుండా దాటి వెళ్లింది. నా మనవికి ఆధారం అదే.

1. పైపుల కోసం తవ్విన గుంత ముందు ‘పని జరుగుతున్నది’ అనే బోర్డు ఉన్నది. రంగు, అక్షరాలు, పార పట్టిన మనిషి బొమ్మ సక్రమంగా ఉన్నవి. కళ్లున్నవారికి ఏ లోటూ లేదు.

2. మా నాన్న ఇంద్రసేన గారికి పుట్టుకతో చూపు లేదు. గన్‌ఫౌండ్రీలోని మా ఇంటి నుంచి నాంపల్లిలో తన ఆఫీసుకు తెల్లకర్రతో ఒక్కరే నడిచి వెళ్తారు. కర్ర నేలనే తడుముతుంది. బోర్డు రేకేమో రెండు సన్నని కాళ్ల మీద, ముఖం ఎత్తున ఉన్నది. రెండు వారాల కిందట కర్ర ఆ కాళ్ల మధ్య నుంచి పోయింది. రేకు అంచు నాన్న కనుబొమను కోసింది. ఉలిక్కిపడి పక్కకు వేసిన అడుగు గుంతలో పడింది.

3. పని చేయిస్తున్న సూపర్‌వైజరు సురేందర్ గారిని కలిశాను. “గింత పెద్ద బోర్డు పెట్టినం గద మేడం! గది గూడ కనవడకపోతే మేమేం జేస్తం?” అన్నారు. పక్కవాళ్లు నవ్వారు. అందుకే రాస్తున్నాను.

4. ఫిర్యాదులకు బోర్డు కింద ఒక ఫోన్ నంబరు ఉన్నది. “నేను జేసిన బిడ్డా. మోగుతనే ఉంటది, ఎవ్వలు ఎత్తరు. ఉత్తగనే రాసిన్రు,” అని పక్కింటి అహల్య ఆంటీ చెప్పారు.

కావున గుంత చుట్టూ నేలకు ఆనేలా చెక్కలు అడ్డం పెట్టించగలరు. కర్రకు తగిలితే చాలు. బోర్డును నడిచేవారికి తగలనంత పక్కకు జరిపించగలరు.

కుట్లు మానినా నాన్న గడప దాటడం లేదు. ఆటో పిలుస్తానంటే వద్దన్నారు. “పడ్డందుకు గాదు బిడ్డా. ఇన్నేండ్లు కర్ర చెప్పిందే ఇన్న. గిప్పుడు కర్ర గూడ అబద్ధం చెప్పవట్టె.” నిన్న నన్ను పిలిచి, రాజీనామా రాసిపెట్టమన్నారు. అందుకని తెచ్చిన కాగితం మీదే ఈ అర్జీ రాస్తున్నాను.

నాన్న మళ్లీ అడిగేలోపు దీనిని చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
లహరి

తా.క. ఆంటీ చెప్పింది నిజమే. ఆ ఫోన్ తమ ఆఫీసులోనే, ఆపరేటరు బల్ల మీద ఉంటుంది. ఆ ఆపరేటరు మా నాన్న.