ఆకుపచ్చ కుర్చీకి పసుపు అంచు

చిరంజీవి తమ్ముడిని దీవించి అక్క రాస్తున్నది.

ఇక్కడ మీ బావ మోకాలు తప్ప అందరం కులాసా. ఆ మోకాలు కూడా పని చెప్పినప్పుడే నొప్పెడుతుంది కాబట్టి దాని గురించి నువ్వు బెంగపడనక్కర్లేదు. అక్కడ నువ్వూ, మరదలూ, పాపా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. కళ్ళజోడు మార్పించాను. మేడమీది గదిలో గోడ చెమ్మ ఆగింది. మరదలు పంపిన శాలువా బాగుంది. ఆ రంగు నా వయసుకు తగదని మీ బావ అన్నారు. ఆ నోరు మీ వయసుకు తగిందేమిటి అన్నాను. నాలుగోది, మ్యూజియం వాళ్ళ కాగితం మీద సంతకం. అది నా ఎదురుగా బల్లమీదే ఉంది. నాలుగు రోజులపాటు దానిమీద పెన్ను పెట్టడం, తియ్యడం, ఇదే పనయింది నాకు.

నీ తొందర నాకు తెలుసు. మన గొడుగాయన పోయాక ఆయన గీసిన పోస్టర్లన్నీ ఒకచోట పెట్టి చూపించడం ఇదే మొదటిసారి. అందులో ఇరవై రెండు నీవి. వాటికి ఒక గోడ, ఆ గోడమీద నీ పేరు. లిఫ్టులు బాగుచేసేవాడికి ఈ కాగితాల పిచ్చేమిటని నవ్వినవాళ్ళందరినీ పిలుస్తానన్నావు. ఆ గోడకి నడుమ 'ఆకుపచ్చ కుర్చీ'. ఆయన స్వయంగా అచ్చురాతిమీద గీసి, నేను పనిచేసిన ప్రెస్సులో నలభై ప్రతులు వేయించి ఆపేసిన బొమ్మ. దానికోసం నువ్వు మూడు అసలైన పోస్టర్లు మార్పిడికి ఇచ్చేశావు. "ఇది ఆ నలభైలో ఒకటేనని, అప్పట్లో రంగులు కలిపిన మా అక్క రాసిస్తే ఇంక కాదనేదెవరు?" అని రాశావు. ఆ మాట దగ్గరే నా పెన్ను ఆగిపోయింది.

నీకు చెప్పలేదు గాని, సోమవారం ఆ మ్యూజియం ఆవిడ మా ఇంటికే వచ్చింది. నీ ఈడుదే. ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా సంచీలోంచి నీ పోస్టరు ఫోటో తీసి, పక్కన భూతద్దం పెట్టింది.

"కుర్చీకి ఆకుపచ్చ విడిగా వెయ్యలేదట కదండీ?"

"లేదమ్మా. పసుపుకి ఒక రాయి, నీలానికి ఒక రాయి. ఒకదానిమీద ఒకటి పడితే ఆకుపచ్చ వస్తుంది."

"ఏది ముందు?"

"పసుపే ముందు. ఒకరోజు ఆరబెట్టి అప్పుడు నీలం. గొడుగాయన పక్కనే నిలబడి చూసుకునేవారు."

వాన ఉన్నా లేకపోయినా గొడుగు వదలరని ప్రెస్సులో పెట్టుకున్న పేరు, నోరుజారి వచ్చేసింది. ఆవిడ నవ్వలేదు. భూతద్దం నా ముందుకు జరిపింది.

"కుర్చీ కాలు దగ్గర చూడండి. నీలం మీదికి పసుపు అంచు వచ్చింది. అంటే ఇందులో నీలం ముందు పడింది. మాకు దొరికిన మిగతా ఆరింటిలో ఇలా లేదండీ."

నేను భూతద్దం వెనక్కి జరిపేశాను. చాలా ఏళ్ళ మాటమ్మా, సరిగ్గా గుర్తులేదన్నాను.

"కంగారు పడకండి, ఇది మంచి మాటే. నలభై వెయ్యకముందు ఆయన ఒకటో రెండో వేసి చూసుకుని ఉండొచ్చు. ఇది అదే అయితే ఆ నలభైకంటే అరుదు. అలా వేశారని మీరు రాసిస్తే చాలు" అంది.

చూశావా, అడక్కుండానే అబద్ధం తెచ్చి చేతిలో పెట్టింది. నేను అవునంటే చాలు, నీ దగ్గరున్నది ఇంకెవరి దగ్గరా ఉండదు. ఆలోచించుకుని చెబుతానని పంపించేశాను. "అవునని పారెయ్యి. ఎవరి సొమ్ము పోయింది? పోయినాయన లేచొచ్చి అడుగుతాడా?" అన్నారు మీ బావ. ఒక పూటంతా నాకూ అదే మంచిదనిపించింది.

ఇంక దాచను తమ్ముడూ. ఆ పోస్టరు నేను వేసింది.

నలభయ్యో కాగితం ఆరిన రోజు ఆయన యజమానికి ఒకటి ఇచ్చారు. చేతిమిషను తిప్పే తాతకి ఒకటి. ఆఖరికి బండి తోలేవాడికి కూడా ఒకటి. ఆ ఆకుపచ్చ కుదరడానికి మూడు రోజులు రంగు కలిపింది నేను. నావైపు తిరిగి, "రాళ్ళు అరగదీసెయ్యమ్మా" అని వెళ్ళిపోయారు. అరగదీస్తే రాతిమీద బొమ్మ పోతుంది, మళ్ళీ అచ్చు పడదు. నాకు కడుపు మండిపోయింది. సెలవురోజున తాళంచెవి నా దగ్గరే ఉంటే వెళ్ళి తలుపు తీశాను. నీలం రాయి అప్పటికే మిషనుమీద ఉంది కాబట్టి నీలమే ముందు వేశాను. అది ఆరీ ఆరకముందే పసుపు. ఒకటి చాలనుకున్నదాన్ని మూడు తీశాను, ఆ తరవాతే రాళ్ళు అరగదీశాను. రెండు చెడిపోతే చింపేశాను. బాగా వచ్చినదాన్ని ఇంట్లో పెట్టుకునే ధైర్యం లేక మన పక్కవీధి కుట్టుపనావిడకి ఇచ్చేశాను. అది ఎన్ని చేతులు మారిందో, చివరికి నీ చేతికే రావాలా!

నువ్వు దాన్ని గొట్టంలోంచి తీసి మా బల్లమీద పరిచి, నాలుగు మూలలా గ్లాసులు పెట్టావే, ఆరోజే ఆ పసుపు అంచు చూశాను. నీ మొహంలో ఆ సంతోషం చూసి, "బాగుందిరా" అన్నాను. అప్పుడే చెప్పి ఉంటే ఆ మూడు పోస్టర్లూ వెనక్కి అడగడానికి నీకింకా వారం గడువుండేది. మొదటి తప్పు చిన్నవయసులో చేశాను. ఇది తెలిసి చేశాను, దీనికే ఎక్కువ ఏడుస్తున్నాను.

ఈ పొద్దున ఆవిడకి ఫోను చేసి అంతా చెప్పేశాను. కాగితంమీద కూడా, 'ఇది ఆ నలభైలోది కాదు, ఆయనకు తెలియకుండా ముద్రించినది నేను' అని రాసి సంతకం చేశాను. ఉత్తరం అందేదాకా మూడు రోజులు నీతో ఏమీ అనవద్దని బతిమాలితే సరేనంది. మిగతా ఇరవై ఒకటి ఉంచుతారా అని అడిగాను. "ఒకదానిమీద అనుమానం వచ్చాక అన్నీ మళ్ళీ చూడాలి కదండీ. మీ తమ్ముడిగారి గోడ ఉంటుందో లేదో నేనిప్పుడు చెప్పలేను" అంది. చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. ఇక్కడ చేసింది నేనూ, పడేది నువ్వూ.

నాతో ఒక్కమాట అనకుండా ఎందుకు చెప్పావని నీకు కోపం వస్తుంది. చెబుదామనే నిన్న రెండుసార్లు నీ నంబరు తిప్పి పెట్టేశాను. "నిజమే చెప్పెయ్ అక్కా" అంటావనే నా నమ్మకం. కానీ ఒకవేళ "సంతకం పెట్టెయ్ అక్కా" అని ఉంటే పెట్టేసేదాన్ని. నీ మాట ఎప్పుడు కాదన్నాను గనక? ఇన్నేళ్ళూ దొంగని నేనొక్కదాన్నే. అడిగి ఉంటే ఇద్దరమయ్యేవాళ్ళం.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. తిట్టాలనుంటే ఎదురుగా నిలబడి తిట్టు. తలుపు తియ్యకపోతే, తీసేదాకా మీ మెట్లమీదే కూర్చుంటాను.

ఇట్లు,
ఎప్పటికీ నీ
అక్క