రెండు బురుజుల ఊరికి అత్తయ్య

చ్వాన్‌జౌ, చైనా,
ఆదివారం.

అమ్మమ్మకు,

నీ ఇలారియా రెండు బుగ్గలమీదా ముద్దులు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మా ఆయన వేయ్‌చెంగ్, అత్తయ్యా కులాసాగా ఉన్నాం. బొలోన్యాలో నీ మోకాలు కూడా కులాసాగా ఉందన్న కబురు కోసం చూస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయాయి గానీ మనుషులకేం కాలేదు. మా ఊరి గుడిలోని జంట గోపురాలు చెక్కుచెదరలేదు. అక్కడ మన జంట బురుజుల్లో పొట్టిది ఒరుగుతోందని చుట్టూ కంచె కట్టారని రాశావు కదా, అది వినిపిస్తే అత్తయ్య, "మావి భూకంపానికే తొణకలేదు. వాళ్లవి తాగొచ్చి నిలబడ్డట్టున్నాయే!" అంది. నాకు రోషమొచ్చింది. "ఒరిగి కూడా వందల ఏళ్లుగా పడకపోవడమే గొప్ప" అన్నాను. "అయితే మీ అమ్మమ్మలాగే మొండివన్నమాట!" అంది.

మా వీధి వసారాలను చూసి, మన ఊరివాటికి చిట్టిచెల్లెళ్లని నవ్వావు. నిజమే, మనవాటి కింద కొండ మీద గుడిదాకా గొడుగు లేకుండా నడవచ్చు. కానీ తుఫాను మర్నాడు ఈ చిట్టిచెల్లెళ్లే అందరినీ కాచాయి. కరెంటు లేదు. కూలిన చెట్లు కోసేవాళ్లు తడిసి, ఆకలితో మా వసారా కిందికి చేరారు. అత్తయ్య గ్యాసు పొయ్యి బయటికి లాగి, ఎముకల సూపు పెట్టింది.

నీకొక సంగతి రాయలేదు. వసంతంలో పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పట్టు తప్పింది. అప్పట్నుంచీ ఆమె సూపు దుకాణం మూసే ఉంది. ఆ రోజు ప్యెన్‌షి మడవబోతే పిండిరేకులు జారి జారి పడ్డాయి. అవేలే, పిండిరేకులో మాంసం పెట్టి సూపులో వేసే ముద్దలు, నువ్వు మా పెళ్లిలో "ఓపిక లేనివాళ్ల టోర్టెల్లీని" అన్నావే, అవి. ఆ మాట వేయ్‌చెంగ్ నోరుజారి తల్లికి చెప్పాడు. అప్పట్నుంచే కదా మీ ఇద్దరికీ మాటల్లేవు!

నేను ఆమె పక్కన కూర్చుని, నువ్వు మన ఊరి టోర్టెల్లీనికి నేర్పినట్టు రేకును వేలికి చుట్టి మడిచాను.

"ఇదేమిటే, తిండా, ఉంగరమా?"

"తిని చెప్పండి."

తింది. చెట్లు కోసేవాళ్లూ తిన్నారు. గిన్నెలు మళ్లీ చాచారు.

"సూపులో విడిపోలేదే! ఎవరు నేర్పారు?"

"మీకు తెలుసు."

అత్తయ్య సూపులో గరిటె తిప్పింది. "ఆవిడది ఎడమచేతి వాటం కదూ? పెళ్లిలో చూశాను" అంది.

"అవును."

"ఎడమచేత్తో మడవడం నాకు నేర్పుతుందా?"

అమ్మమ్మా, నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం నేనదే మొదటిసారి చూడటం!

ఇప్పుడు కూర్చో. కూర్చునే ఉంటే కుర్చీ గట్టిగా పట్టుకో. మొదటిది, ఆ ముద్దలో చీజ్ లేదు, ఎండు రొయ్యలు వేశాను. రెండోది, నవంబరుకి మన ఊరికి మూడు టికెట్లు తీసుకున్నాం. నిన్ను అడక్కుండానే నీ వంటబల్ల ఆమెకు మాటిచ్చేశాను. తిట్టదలుచుకుంటే నన్ను తిట్టు. ఆమెను మాత్రం దగ్గర కూర్చోబెట్టుకో. ఎడమచెయ్యి తిరిగితే దుకాణం తెరుస్తుంది. లేకపోతే రోజంతా మూసిన తలుపుకేసే చూస్తూ కూర్చుంటుంది, నేను చూడలేకపోతున్నాను.

ఎంత హుషారుగా ఉందనుకున్నావు! కొత్త కోటు కుట్టించుకుంది. మన ఇటాలియన్‌లో "నమస్కారం" నేర్చుకుని పెరట్లో కోళ్లకు చెబుతోంది. నేనిది రాస్తూంటే వంటింట్లోంచి మళ్లీ అడిగింది, "ఆవిడ స్టేషనుకి వస్తుందంటావా?" అని.

వస్తుందని చెప్పేశాను. రా, అమ్మమ్మా.

ఇట్లు,
నీ జవాబు కోసం కాలు నిలవని మనవరాలు,
ఇలారియా