ఆవిడకి గొంతు బాగాలేదు

అక్కకి,

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని నీ ఉత్తరం మొదటి పేజీ మొత్తం చెప్పింది కాబట్టి మళ్లీ అడగను. క్షేమసమాచారాల వరకే నా మర్యాద. ఇక్కణ్ణుంచి కోపం. ఫోనులో అయితే "తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పక్కన పడేసినా అది నిన్నే చూస్తూ ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ అత్తగారినీ మామగారినీ తీసుకుని ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవాలన్నావు. ఒక్క రోజులో చూడదగ్గవి నేను గైడుగా తిప్పే మేడ, గడియార స్తంభం, ఫిరంగి గుట్ట, సరస్సులో పడవ. గుట్ట మీదికి కారు వెళ్లదు. మీ అత్తగారి మోకాళ్ల సంగతి తెలిసీ ఆ మెట్లెక్కిస్తానంటే అది నీకూ ఆవిడకూ మధ్య వ్యవహారం, నన్ను లాగకు. శుభ్రమైన మరుగుదొడ్లు మేడ వెనకాల ఉన్నాయి. నగరం నుంచి బస్సుల్లో వచ్చి దిగే జనం నన్ను అడిగే మొదటి ప్రశ్న అదే. రెండో ప్రశ్న, లోపలి పెద్ద మంచం మీద ఎవరు పడుకునేవారని. చరిత్రలో ఎమ్మే చేసి రోజూ ఈ రెండింటికీ జవాబు చెబుతున్నాను. నా చదువు ఎందుకూ పనికిరాలేదని ఇక ఎవరూ అనలేరు.

నీ ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఏ బస్సూ తేలేదు. "ఆ రోజు గైడుగా నువ్వే ఉండు. మేడ చూపించు చాలు, గేటింటి వైపు తీసుకెళ్లకు. వాళ్లంతట వాళ్లు వెళ్లినా ఆ పెట్టె మోగకుండా చూడు." నీ అక్షరాలే ఇవి. గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి.

గేటిల్లంటే మనిద్దరం పుట్టిన ఇల్లు, అక్కా. నాన్న, ఆయన పోయాక అమ్మ, ఆ మేడ గేటు తీస్తూ వేస్తూ మనల్ని చదివించారు. మేడని జనానికి చూపించడం మొదలుపెట్టాక మనల్ని బస్టాండు వెనక అద్దె గదికి పంపించి, ఆ ఒంటిగదికి రంగేశారు. పొయ్యికి అడ్డంగా ఎర్ర తాడు కట్టారు. గోడకో పెట్టె బిగించారు. బొత్తాం నొక్కితే అమ్మ గొంతు వినిపిస్తుంది. ఇదంతా నీకు తెలుసు. తెలిసే, మీ అత్తవారితో అది మన తాతల మేడ అనీ, రోజులు బాగాలేక వదులుకున్నామనీ చెప్పావు. మీ పెళ్లిలో అమ్మ బెరుకుతో ఒక్క మాటా మాట్లాడకపోతే వాళ్లు దాన్ని పెద్దింటి బింకం అనుకున్నారట. అది చెప్పి నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను, సిగ్గులేక.

ఫోనైతే అమ్మ స్పీకరు పెట్టి వింటుందని భయపడి నువ్వు ఉత్తరం రాశావు. అమ్మ కంటికి పొర కమ్మాక నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తానన్నది మాత్రం మర్చిపోయావు. ఆవిడ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నేను మొదటి పేజీ చదివి, రెండో పేజీలో ఆ ముక్క దాటేసి, బావగారి బదిలీ విషయంలోకి దూకాను.

"అక్కడ ఏదో మింగావు," అంది అమ్మ.

"ఏం లేదే."

"మింగింది అరగదు. చదువు."

చదివాను. ఆవిడ చేతిలో ఉన్న లంగాని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"ఇంతేనా? ఇంకేం ముంచుకొచ్చిందో అని హడలిపోయాను. పెద్దది సంసారం చేసుకోవాలి కదా."

"దాని సంసారానికి నీ నోరు మూయాలా?"

"ఒక్క పూట మూస్తే నా నోరేం అరిగిపోదు. నీది నెల్లాళ్లు మూసినా ఎవరికీ నష్టం లేదు."

మర్నాడు నేను ఒక బడి పిల్లలకి మేడ చూపించి, బస్సెక్కించి ఆఫీసుకి వెళ్లేసరికి అమ్మ అక్కడుంది. గొడుగు మాస్టారి ఎదురుగా నిలబడి ఉంది. ఆయన మా పెద్ద గైడు. జనం తప్పిపోకుండా ఎండైనా వానైనా గొడుగెత్తి నడుస్తాడు కాబట్టి ఆ పేరు. ఆయన కుర్చీ చూపిస్తున్నాడు, ఈవిడ కూర్చోవడం లేదు.

"ఆ ఆదివారం ఒక్కరోజు పెట్టె ఆపేయండి బాబూ."

"దాందేముందమ్మా. పెట్టె పాడైందని బోర్డు పెట్టిస్తాను."

అమ్మ ఒప్పుకోలేదు. "పాడవలేదు కదా, అబద్ధం ఎందుకు? ఆవిడకి గొంతు బాగాలేదని రాయించండి."

అక్కా, మేడ నీదని అలవోకగా చెప్పినదానివి నువ్వు. నీ అబద్ధాన్ని కాయడానికి వచ్చి కూడా అబద్ధం ఆడలేక తడుముకున్నది ఆవిడ. ఆ ఆదివారం పిన్ని వాళ్లింటికి వెళ్లి పొద్దుపోయాక వస్తుందట. నీకు ఎదురుపడకుండా. ఆ మాట నాతో చెబుతున్నప్పుడు ఏదో విహారయాత్రకి వెళుతున్నట్టు మొహం పెట్టింది. నాకు గోడకేసి తల కొట్టాలనిపించింది. నాది కాదు, నీది.

ఆ పెట్టె ఏం చెబుతుందో నువ్వు ఒక్కసారీ వినలేదు. వచ్చిన రెండుసార్లూ తలనొప్పి అన్నావు. నేను రోజూ వింటాను, కంఠతా వచ్చు. రాస్తున్నాను.

"మేడ చూసొచ్చారా? కూర్చోండి. కూర్చోడానికి వీల్లేదనుకోండి, తాడు కట్టేశారు. ఈ గేటు మోత విని మా ఇంట్లో నిద్రలేవడం, ఈ గేటు మోత విని నిద్రపోవడం. మా చిన్నదాన్ని కన్న రోజున మా ఆయన నర్సుని పిలుచుకురావడానికి వెళ్లారు. అప్పుడే మేడవాళ్ల కారు వచ్చి హారను కొట్టింది. నేను లేవలేను. మా పెద్దది చిన్నపిల్ల, గడియ అందదు. ఎక్కడిదో ఒక ఇటుక ఈడ్చుకొచ్చి, ఎక్కి తీసింది. ఇనప గడియ దాని వేలి మీద పడింది. ఏడవలేదు. ఏడిస్తే నేను కంగారుపడి లేస్తానని ఏడవలేదట. కారు వెళ్లిపోయాక గేటు వేసొచ్చి, నా పక్కన కూర్చుని అప్పుడు ఏడ్చింది. బయటికెళ్లేటప్పుడు చూడండి, గేటు పక్కన ఆ ఇటుక ఉంటుంది. రంగులేసినప్పుడు అన్నీ తీసేశారు గాని, దాన్ని మాత్రం తియ్యొద్దని నేను పట్టుబట్టాను."

ఇదీ నువ్వు నొక్కేయమన్న గొంతు. అందులో మేడ వైభవం గురించి ఒక్క ముక్క లేదు, నాన్న గొప్పలు లేవు, నేను పుట్టిన సంగతి కూడా నీ కథలో ఒక వంకే. జనం బయటికొచ్చి ఆ ఇటుకని ఫోటో తీసుకుంటారు. మంచం మీద ఎవరు పడుకున్నారని అడిగినవాళ్లే నా దగ్గరికొచ్చి, "ఆ పెద్దమ్మాయి ఇప్పుడెక్కడుందండీ?" అని అడుగుతారు. దూరాన ఉంది, బాగుంది అని చెబుతాను. ఆ వేలి గోరు నీకు ఇప్పటికీ వంకరే. కారు తలుపులో పడిందని మీ అత్తగారికి చెప్పావట. కారు వరకూ నిజమే.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ బోర్డు రాసింది నేనే. ఆఫీసులో చేతిరాత నాదే బాగుంటుందని గొడుగు మాస్టారు కుంచె నా చేతికిచ్చాడు. అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. కాదంటే అక్కడే ఏడ్చేదాన్ని, రాశాను. 'ఈ రోజు ఆవిడకి గొంతు బాగాలేదు' అని. అమ్మ కళ్లకి అక్షరాలు ఆనవు కదా, తడి ఆరలేదంటున్నా అక్షరాల మీద వేలు పెట్టి, "బాగా వచ్చిందా?" అని అడిగింది. చివరి అక్షరం కాస్త చెదిరింది.

నీ మీద కోపం ఎంతో నా మీదా అంతే. కాకపోతే నన్ను నేను రోజూ తిట్టుకోగలను, నువ్వు ఉత్తరానికి గాని దొరకవు.

మీ వాళ్లకి మేడ చూపిస్తాను. అది నా ఉద్యోగం. ఎవరిదని అడిగితే ఎవరిదో అదే చెబుతాను. బోర్డు మాత్రం తగిలించను, ఇంకెవర్నీ తగిలించనివ్వను. నా బల్ల సొరుగులో ఉంది, తాళం వేయలేదు. నీకు కావాలంటే నువ్వే వచ్చి తీసుకెళ్లి తగిలించు. పెట్టె పైనే మేకు ఉంది, కాస్త ఎత్తున.

అందకపోతే, ఇటుక అక్కడే ఉంది.

ఇట్లు,
నువ్వు గేటు తీసిన రోజున పుట్టిన
నీ చెల్లెలు