అప్పారావు గారు తిట్టారు

అన్నయ్యా,

మన లారీ కాంటా సాఫ్ట్‌వేర్‌ని నాలుగు రకాలుగా అమ్మినా, లోపలి కోడ్ ఒకటే. అందులో తప్పు పడితే అందరికీ పాకుతుంది. అందుకే ఏ మార్పయినా నువ్వు ముందు హథ్‌ఖోజ్‌లో ఉన్న అప్పారావు గారి కాంటాకే పెట్టేవాడివి, ఆయనలా తిట్టే కస్టమర్ ఇంకొకరు లేరని.

నువ్వు పోయాక ఆయన నా మీద జాలితో తిట్టడం మానేశారు. ఏమడిగినా "బాగానే ఉందమ్మా" అనేవారు. నాకు ఆ మెత్తదనమే భయం పుట్టించింది.

ఈరోజు కొత్త మార్పు పెట్టగానే ఫోన్ చేశారు.

"ఏటమ్మా ఇది? కాంటా మీద లారీ లేదు, బరువు చూపిస్తంది! దిమాగ్ పెట్టి చేసేవా?"

మిగతావాళ్ళకి పంపకుండా ఆపేశాను. తిట్టి తిట్టి ఆయన పెట్టేశాక కూడా, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కూర్చున్నాను.