నీలిపూల గోడ కాగితం

గున్వోర్‌కు, దేవుని దయవల్ల నేను క్షేమం. బండి క్షేమం కాదు.

కారుకు తగిలించుకొమ్మని నీ తమ్ముడు ఓడ్వార్ మనకు అమ్మిన ఇంటిబండి మూడు రోజుల వానకే కారింది. పరుపూ బైబిలూ నానిపోయాయి. ఇలాంటి బండ్లకు పైకప్పు అతుకుల్లో ఏటేటా బంక నింపాలట. ఈ విడిది మైదానంలో నా పక్క బండి ముసలాయన హల్డోర్ వచ్చి, గోడ తట్టి చూసి నవ్వాడు. "తోమా ప్రభువు గాయంలో పెట్టినట్టు నువ్వూ వేలు పెట్టి చూడవయ్యా బోధకుడా, అప్పుడు నమ్ముతావు!" పెట్టాను. కొత్త గోడ కాగితం చిరిగి, బొటనవేలు మొదలంటా కుళ్ళిన చెక్కలోకి దిగింది. "పైన పూలు, లోన పుట్టగొడుగులు! నీకు దీన్ని అంటగట్టిన ఘనుడెవడు?" అన్నాడు. నా బావమరిదే అని చెప్పకుండా, నానిన పరుపు బయటికి ఈడ్చాను. సున్నము కొట్టిన సమాధులని మత్తయి ఇరవైమూడులో ప్రభువు అన్నది ఇలాంటి వాళ్ళనే.

బంగాళదుంపలకు మట్టి ఎగదోశావా? కుంటి గొర్రె ఎలా ఉంది? పొడి మేజోళ్ళు రెండు జతలు బస్సులో పంపు. ఆదివారం ప్రార్థన ఇంట్లో వాక్యం చెప్పడానికి ఇంకెవరినైనా చూసుకోమని పెద్దలతో చెప్పు. ఇంత కోపంతో నేను ఆ ప్రసంగ బల్ల దగ్గర నిలబడలేను.

ఆ కాగితం నీలిపూలది, గున్వోర్. మన వంటింటికి అంటించగా మిగిలి, అలమరలో దాచిన చుట్ట. అది ఓడ్వార్‌కు నువ్వే ఇచ్చావా? ఎందుకో తెలిసే ఇచ్చావా? అవునంటే అవును, కాదంటే కాదు అని రాయి. కార్డు మీదే రాయి, టపా మనిషి చదివితే చదవనీ.

ప్రతి కార్డు చివరా నీకు దీవెన రాసేవాణ్ణి. ఈసారి నీ జవాబు చూసి రాస్తాను.

తోర్‌స్టైన్